ఏటి ఇసుకలో పందెం పెడుతున్న మేనల్లుడికి

శ్రీకాకుళం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

ముక్కనుమ నాడు నాగావళి ఇసుకలో జీపులకు, మోటారు సైకిళ్లకు పోటీ పెడుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మనవాడు ఇంత పని తలకెత్తుకున్నాడా అని పగలంతా నలుగురికీ చెప్పుకుని మురిశాను గాని, రాత్రి మాత్రం కన్ను మూతపడలేదు.

"అది రోడ్డు కాదు కదా, అనుమతి ఎందుకు?" అన్నావట. 1988 మోటారు వాహనాల చట్టంలోని 189వ సెక్షను, రాష్ట్ర ప్రభుత్వం లిఖితపూర్వకంగా ఒప్పుకోనిదే బహిరంగ స్థలంలో పందెం జరగనిచ్చినవారికీ, అందులో పాల్గొన్నవారికీ శిక్ష చెబుతుంది. 2019 సవరణ తరువాత అది మొదటి తప్పుకు మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూను. బహిరంగ స్థలమంటే తారు రోడ్డు ఒక్కటే కాదు, జనానికి వచ్చిపోయే హక్కు ఉన్న ఏ చోటైనా అంతే. ఊరంతా బట్టలు ఉతుక్కునే, గొడ్లను కడుక్కునే రేవును నీ పెరడని ఏ మేజిస్ట్రేటు ముందు ఒప్పిస్తావు? కనుక కలెక్టరు కచేరీలో అర్జీ పెట్టు. తహసీల్దారుకు, పోలీసు స్టేషనుకు, పంచాయతీకి నకళ్లు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకో. చెన్నైలో ఉన్న ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియాకు కూడా వ్రాసి, వారి నియమాలు తెప్పించుకో.

1994లో, శివరాత్రి వెళ్లిన వారం, మేము ఆరుగురం కలిసి ఇదే ఏటిలో నాలుగు జీపులతో పందెం పెట్టాము. ఒక పెద్దమనిషి "పరవాలేదు, కానివ్వండి" అన్న నోటిమాటనే అనుమతి అనుకున్నాము. జనాన్ని ఆపడానికని ముప్పై బారల కొబ్బరి తాడు కొని తెచ్చినది నేనే. తీరా చూస్తే, మలుపు బయటివైపు గట్టు ఎత్తుగా ఉండి పందెం బాగా కనబడుతుందని అందరూ అక్కడే చేరారు, వారిలో ఊరి పెద్దలు కూడా ఉండటంతో వారిని లేవమనడానికి నాకు మొహమాటం వేసింది. మలుపులో అదుపు తప్పిన బండి బయటివైపుకే జారుతుందని నాకు తెలియక కాదు. తాడు చుట్ట విప్పకుండానే జీపు వెనక పడి ఉంది. మూడో చుట్టులో ఒక జీపు తోక జారి గట్టెక్కింది. పెద్దలంతా తప్పుకున్నారు. ఉడకబెట్టిన వేరుశనగకాయల బుట్టతో నిలబడిన పదేళ్ల గుంటడు మాత్రం బుట్ట వదలలేక తప్పుకోలేకపోయాడు. తొడ ఎముక విరిగింది. 108 బండి రావడానికి అప్పటికి ఇంకా పదకొండేళ్లు ఉంది. నేను తాడు విప్పినది అప్పుడు, వాడి కాలును చెక్కకు కట్టడానికి. దారి పొడవునా వాడు ఏడవలేదు, "కాయలెవరు ఏరతారు?" అని మాత్రం అడుగుతూనే ఉన్నాడు. కాలు అతుక్కుంది గాని రెండంగుళాలు పొట్టిదైపోయింది. బీమావారు నయాపైసా ఇవ్వలేదు. మీ అమ్మ పెళ్లికని ఉంచిన అరెకరం అమ్మి మీ తాతయ్య ఆ ఖర్చు భరించారు. ఆ సంగతి మీ అమ్మ నీకు ఎన్నడూ చెప్పి ఉండదు. అర్జీతో పాటు పటం గీసి ఇమ్మని ఆనాడు ఎవరైనా అడిగి ఉంటే, జనం ఎక్కడ నిలబడతారో నేను ముందే గీయవలసి వచ్చేది.

నీ మామూలు బీమా పాలసీ ఒకసారి తీసి చదువు. పందేలకు, వేగ పరీక్షలకు బండిని వాడితే వర్తించదని అందులోనే ఉంటుంది. ఈ పోటీకి విడిగా బీమా తీసుకోవాలి. పోటీదారుల చేత "నా ప్రాణానికి నాదే పూచీ" అని సంతకాలు పెట్టించానని ధీమా పడకు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద ఐదేళ్ల వరకు శిక్ష ఉంది. అయినా చూడవచ్చినవాడు ఏ కాగితం మీద సంతకం చేసి వస్తాడు?

హెల్మెట్లు, బెల్టులు, మంటలార్పే సిలిండర్లు నీకు తెలిసినవే. దిగబడిన బండిని లాగేటప్పుడు మాత్రం, ట్రాలీ తగిలించే ఉక్కు గుండుకు సాగే పట్టీ వేయనివ్వకు. ఆ కుదుపుకు గుండు విరిగిందంటే తుపాకీ గుండులాగే వస్తుంది. ఛాసిస్‌కు బిగించిన కొక్కేనికే వేయించు. ఇసుక తవ్విన గోతులు నీటి కింద కనబడవు, ముందురోజు చేత కర్ర పట్టుకుని దారంతా నీవే నడువు. కనుమ రాత్రి మన ఊరు ఎలా గడుస్తుందో నీకు నేను చెప్పనక్కరలేదు. తెల్లవారాక స్టీరింగు పట్టేవాడి నోరు వాసన చూసి గాని బండి ఎక్కించకు. 108 ఊరందరిదీ, మనకోసమే కాచుకుని ఉండదు, కాబట్టి డాక్టరుతో ఒక బండి చివరి ఇంజను ఆగేదాకా అక్కడే ఉండాలి.

ఏరు కుదరకపోతే కళింగపట్నం ఒడ్డుకు మారుస్తానన్నావట. వద్దు నాన్నా. ఆ నెలల్లోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి, అవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవాలు.

కోప్పడ్డానని అలగకు. అర్జీ పెట్టే ముందు పటం గీసి నాకు పంపు. మలుపు దగ్గర జనాన్ని ఏ వైపు నిలబెడతావో ఎర్ర సిరాతో గుర్తు పెట్టు. కనుమ సాయంత్రానికి మీ అత్తయ్యతో కలిసి వస్తాను. తాడు నేను తెస్తాను, గుంజలు మాత్రం నువ్వు పాతించి ఉంచు.

ఇట్లు,
మీ మామయ్య