నీ కథలో బాపుకి ఇంకో పని లేదా?

తమ్ముడూ,

కథ చదివాను. తెలంగాణ ఆర్టీసీ సమ్మె రోజుల్లో ఓ కండక్టర్ ఇల్లు, ఇంటర్ చదివే కొడుకు. మంచి సరుకే పట్టుకున్నావు. కానీ నీ కథలో బాపు, అదే ఆ కండక్టర్ తండ్రి, నాకు కనపడలేదు, ఆయన మీద నీకున్న ప్రేమే కనపడింది.

మొదటి పేజీలో ఆయన తను తినకుండా కొడుక్కి పెడతాడు, రెండో పేజీలో తెగిన చెప్పులతో తిరుగుతూ కొడుక్కి బూట్లు కొంటాడు, చివర్లో పుస్తెలతాడు తాకట్టు పెట్టి ఫీజు కడతాడు, ఈ మధ్యలో ఎవర్నీ ఒక్క తిట్టు కూడా తిట్టడు. అలాంటి మనిషికి దండం పెట్టొచ్చు గానీ ఆయన మీద కథ నడపడం కష్టం, ఎందుకంటే తర్వాత ఏం చేస్తాడో చదివేవాడికి ముందే తెలిసిపోతుంది. (పుస్తెలతాడు సినిమాల్లోంచి వచ్చిందని నా అనుమానం. నిజంగా జరిగిందే అయినా తీసెయ్.)

కొడుకు ఎదురుగా లేనప్పుడు కూడా ఆయనకో పంతం, ఓ అప్పు, ఓ దోస్తు, ఊళ్లో నిలబెట్టుకోవాల్సిన మాట ఒకటి ఉండాలి. ఆ మాటకీ కొడుక్కీ ఎక్కడో తగాదా రావాలి. నేను వెతికేది అదే.

కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ చదివావు కదా, అరవైల్లో వచ్చిన కథ. చదవకపోతే ముందు అది చదివి తర్వాత ఈ ఉత్తరం చదువు. అందులో అప్పల్రాముడు ఏళ్ల తరబడి నలిగిన అప్పుని తీరుస్తానని చివరికి పంచాయితీలో ఒప్పుకుంటాడు. ఆయనకి మాట పెద్దది, నలుగురిలో పరువు పెద్దది, అందులో తప్పు పట్టడానికేం లేదు. కానీ ఆ మాట ఖరీదు కట్టాల్సింది కొడుకులు, వాళ్ల పిల్లలు. తండ్రి మంచితనమే కొడుకు మెడకి చుట్టుకుంటుంది, అప్పుడు ఆయన కొడుకు సీతారాముడు చేసిన పని చదివాక ఎవరి పక్షాన నిలబడాలో మనకి తోచదు. అప్పల్రాముడు మంచి తండ్రా కాదా అని నన్నడిగితే ఇప్పటికీ చెప్పలేను. అందుకే ఆయన గుర్తుండిపోయాడు.

ఇప్పుడు నీ బాపు. 2019 అక్టోబర్ 5న సమ్మె మొదలవడం, సెప్టెంబర్ జీతం కూడా చేతికి రాకపోవడం, సమ్మెకి పోయినవాళ్లు తమ ఉద్యోగం తామే పోగొట్టుకున్నట్టేనన్న ‘సెల్ఫ్ డిస్మిస్’ అనే మాట, అన్నీ రాశావు, కాకపోతే పేపర్ కటింగ్‌లా ఒక్క పేరాలో కుక్కేశావు. అసలు ఇంట్లో ఏం జరిగి ఉంటుందో ఆలోచించు. ఏళ్లకేళ్లు తెల్లారక ముందే డిపోకి పోయిన మనిషి, లేదంటే ఏ పల్లెలోనో నైట్ హాల్ట్ పడుకుని వచ్చిన మనిషి, ఇప్పుడు పొద్దుట్నుంచీ ఇంట్లోనే ఉన్నాడు. కొడుకు ఎన్నింటికి లేస్తాడో, ఎంతసేపు ఫోన్ చూస్తాడో, ఇంట్లో తను లేకుండానే ఎన్ని నిర్ణయాలు జరిగిపోతున్నాయో ఆయనకి మొదటిసారి తెలుస్తోంది. రూపాయి తేడా వస్తే జేబులోంచి కట్టే ఉద్యోగం ఆయనది, పాల ప్యాకెట్ తెచ్చిన చిల్లర కూడా లెక్క అడుగుతాడు. కొడుక్కి ఒళ్లు మండుతుంది. మండనీ.

అసలు సంగతి నువ్వు వదిలేసింది ఇంకోటుంది. నవంబర్ 5 అర్ధరాత్రిలోగా డ్యూటీలో చేరాలని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ గడువు పెట్టారు కదా, ఆ రాత్రి నీ కథలో లేనే లేదు! చేరితే కొడుకు ఫీజుకి దారి దొరకొచ్చు, కానీ నెల రోజులు డిపో గేటు దగ్గర పక్కన కూర్చున్న వాళ్ల మొహం మళ్లీ ఎలా చూస్తాడు? చేరకపోతే వాళ్ల దగ్గర మనిషిగా మిగులుతాడు, ఇంట్లో కొడుకు దగ్గర మాత్రం తల దించుకోవాలి. ఆ రాత్రి ఆయన స్నానం చేసి యూనిఫామ్ తీసి ఇస్త్రీ చేసుకున్నాడా, ఫోన్ స్విచాఫ్ చేసి పడుకున్నాడా, నీ ఇష్టం. ఏది చేసినా ఒకరికి అన్యాయం జరగాలి, అది ఆయనకి తెలిసే జరగాలి. కథంతా ఆ రాత్రి చుట్టూ తిప్పుకో, బూట్లూ చెప్పులూ నీకు అక్కర్లేదు.

మాటల సంగతి. “నా బతుకంతా నీ కోసమే బిడ్డా” అని ఏ బాపూ అనడు, అన్నా కొడుకు ముందు అనడు. “హాల్ టికెట్ జిరాక్స్ తీసినవా?” అంటాడు, తీయలేదంటే అరుస్తాడు. అలాంటివి రెండు చాలు.

ఇంకొకటి, ఇది కాస్త కష్టం. కథ చెప్పే కొడుకు పెద్దవాడై వెనక్కి చూస్తున్నాడు, అందుకే పేరాకోసారి “అప్పుడు నాకు అర్థం కాలేదు” అంటూ కళ్లు తుడుచుకుంటున్నాడు. వాణ్ణి పదిహేడేళ్ల దగ్గరే ఆపు. వాడికి కోపం ఉండాలి, కాలేజీలో ఫీజు అడిగితే సిగ్గుండాలి, బాపు మీద అన్యాయంగా ఒక మాట అనాలి. వాడికి అర్థం కానిది చదివేవాడికి అర్థమైతే చాలు, తండ్రిని క్షమించాలో పొగడాలో వాళ్లే తేల్చుకుంటారు. అమ్మకి కూడా ఓ అభిప్రాయం పెట్టు, ఇంట్లో అందరికంటే ముందు లెక్క తేలేది ఆమెకే.

పాత కథల్లో తండ్రులు కావాలంటే శ్రీకాకుళం కథానిలయం వాళ్ల వెబ్‌సైట్‌లో స్కాన్ చేసిన కథలు బోలెడున్నాయి, కారా మాస్టారు, అదే మన ‘యజ్ఞం’ రామారావు గారు, మొదలుపెట్టిన లైబ్రరీయే అది. చదివేటప్పుడు తండ్రి మంచివాడా చెడ్డవాడా అని చూడకు, ఆయనకి సొంతంగా ఏం కావాలో వెతుకు.

తిరగరాసి పంపు. ఈసారి పీడీఎఫ్ వద్దు, వర్డ్ ఫైల్ పంపితే పక్కన నా గీతలు గీస్తాను. సంక్రాంతి లోపైతే వెంటనే చదువుతాను, తర్వాతైతే కాస్త ఆలస్యమవుతుంది.

ఉంటాను,
అక్క