టెక్ సందేహాలు: ఫారం ఖాళీగా తెరుచుకుంటే లెక్కలు పోయినట్లు కాదు

ప్రశ్న: ఆదోని మార్కెట్ యార్డులో మాకు పత్తి కమీషన్ దుకాణం ఉంది. రైతు పేరు, లాట్ నంబరు, తూకం, ధర అన్నీ మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ ప్రోగ్రాంలో నమోదు చేస్తాము. గుమాస్తా ఫారం సెట్టింగులేవో మార్చినప్పటి నుంచి అది ఖాళీగా తెరుచుకుంటోంది. కింద 1లో 1 అని చూపిస్తోంది. తక్‌పట్టీలు (అమ్మకపు చీటీలు) చూసి పాత లాట్లు మళ్లీ ఎక్కించడం మొదలుపెట్టాము. పోయిన లెక్కలు తిరిగి వస్తాయా?

జవాబు: ముందు ఆ ఎక్కింపును ఆపండి. సమాచారం నిల్వ ఉండేది టేబుల్‌లో. ఫారం దానిని చూపుతుంది, అంతే. ఎడమ వైపు నావిగేషన్ పేన్‌లో లాట్ల టేబుల్‌పై రెండుసార్లు క్లిక్ చేయండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి పాత లాట్లన్నీ అక్కడ ఉండే అవకాశమే ఎక్కువ.

అవి కనిపించాక, అందరూ డేటాబేస్ మూసివేసిన సమయంలో ఫైలుకు ఒక నకలు తీసుకుని, ఫారం పేరుపై రైట్ క్లిక్ చేసి డిజైన్ వ్యూలో తెరిచి, ఎఫ్4 నొక్కితే ప్రాపర్టీ షీట్ వస్తుంది. దాని పైనున్న పెట్టెలో 'ఫారం' ఎంచుకుని, డేటా ట్యాబ్‌లో 'డేటా ఎంట్రీ' ఎదురుగా 'ఎస్' ఉంటే 'నో' చేసి సేవ్ చేయండి. నమోదుకు అనుమతి ఇచ్చే సెట్టింగు ఇదేనని చాలామంది పొరబడతారు. ఆ అనుమతి నిజానికి 'అలౌ అడిషన్స్'ది. 'డేటా ఎంట్రీ' పాత రికార్డులను దాచి కొత్త రికార్డును మాత్రమే చూపుతుంది.

అలా మార్చినా ఫారం ఖాళీగానే వస్తే, దానిని తెరిచే బటన్‌ను చూడండి. బటన్ వెనుక ఉన్న ఓపెన్‌ఫారం మాక్రోలో (బటన్ నొక్కగానే నడిచే ఆదేశంలో) డేటా మోడ్ 'యాడ్' అని ఉంటే, ఫారంలో మీరు ఏమి పెట్టినా మాక్రో మాటే చెల్లుతుంది. నా సలహా ఏమిటంటే, సెట్టింగును అటూ ఇటూ మార్చే బదులు ఒకే ఫారానికి రెండు బటన్లు పెట్టుకోండి: 'కొత్త లాట్' బటన్‌కు 'యాడ్', 'పాత లాట్లు' బటన్‌కు 'ఎడిట్'. రద్దీ రోజుల్లో గుమాస్తాకు తికమక ఉండదు.

ఇక మీరు ఇప్పటికే తిరిగి ఎక్కించిన లాట్ల సంగతి. దీనిని వాయిదా వేయవద్దు, ఎందుకంటే ఒకే లాట్ రెండుసార్లు ఉంటే రైతు ఖాతాలో సొమ్ము రెట్టింపుగా కనిపిస్తుంది. క్రియేట్ ట్యాబ్‌లోని క్వెరీ విజార్డ్‌లో 'ఫైండ్ డూప్లికేట్స్' ఎంచుకుని, తేదీ, లాట్ నంబరు రెండూ కలిపి వెతికి, వచ్చిన ప్రతి జంటనూ తక్‌పట్టీతో సరిచూసిన తరువాతే ఒకదానిని తొలగించండి. ఆ పని ముగిశాక ఆ రెండు ఫీల్డులకు కలిపి యునీక్ ఇండెక్స్ పెడితే, ఒకే తేదీన ఒకే లాట్‌ను రెండోసారి యాక్సెస్ స్వీకరించదు.

ప్రశ్న: తాడిపత్రిలో బండల పాలిష్ యూనిట్‌లో లెక్కలు రాస్తాను. మా ఆర్డర్ల ఫారంలో గడులు కూడా కనిపించడం లేదు, తెల్లగా ఉంది. ఎందుకు?

జవాబు: చూపడానికి రికార్డులు లేక, కొత్తది చేర్చే వీలూ లేనప్పుడు యాక్సెస్ ఫారం ఇలాగే తెల్లగా వస్తుంది. 'అలౌ అడిషన్స్' 'ఎస్' అనే ఉంటే, రికార్డ్ సోర్స్‌లో (ఫారానికి సమాచారం ఎక్కడి నుంచి రావాలో చెప్పే సెట్టింగులో) ఉన్న క్వెరీని, అంటే టేబుల్ నుంచి సమాచారం వెతికి తెచ్చే ప్రశ్నను, విడిగా తెరవండి. చివర నక్షత్రం గుర్తుతో ఖాళీ వరుస లేకపోతే లోపం క్వెరీలోనే ఉంది. మొత్తాలు కట్టే గ్రూప్ బై క్వెరీలు, యూనియన్ క్వెరీలు చూడటానికే తప్ప రాయడానికి పనికిరావు. ఫారాన్ని నేరుగా ఆర్డర్ల టేబుల్‌పై నిర్మించి, మొత్తాన్ని, కూడిక చేసే డీసమ్ ఫంక్షన్‌తో వేరే గడిలో చూపించుకోండి. ఫారం 'రికార్డ్‌సెట్ టైప్' స్నాప్‌షాట్ (చూడటానికి మాత్రమే) అయితే డైనాసెట్‌కు (మార్చడానికి వీలైనది) మార్చండి. క్వెరీ సక్రమంగానే ఉండి ఏ టేబుల్‌లోనూ టైపు చేయలేకపోతుంటే, ఫైలు ఉన్న ఫోల్డర్‌లో రాయడానికి మీ లాగిన్‌కు అనుమతి ఉందో లేదో చూడండి.

ప్రశ్న: కడపలో యాక్సెస్‌కు బదులు లిబ్రేఆఫీస్ బేస్ అనే డేటాబేస్ ప్రోగ్రాం వాడుతున్నాను. ఫారంలో పాత రికార్డులు కనిపించడం లేదు.

జవాబు: ఫారాన్ని ఎడిట్‌లో తెరిచి, ఫారం ప్రాపర్టీస్‌లోని డేటా ట్యాబ్‌లో 'యాడ్ డేటా ఓన్లీ' అన్నదానిని 'నో' చేసి సేవ్ చేయండి.