తింటున్నంత మాత్రాన నోరు బాగున్నట్టు కాదు

ప్రశ్న: మా కుక్కకు పదకొండేళ్లు. ఏడాదిగా నోటి నుంచి దుర్వాసన వస్తోంది. రెండు నెలల క్రితం కుడి కంటి కింద వాపు వచ్చి, మందులు వాడితే తగ్గి, ఇప్పుడు మళ్లీ కనిపిస్తోంది. మత్తు ఇచ్చి పళ్లు శుభ్రం చేయాలని, కొన్నింటిని తీసేయాల్సి రావచ్చని పశువైద్యులు అంటున్నారు. తిండి మాత్రం మామూలుగానే తింటోంది. ఈ వయసులో మత్తు తట్టుకుంటుందా? మత్తు లేకుండానే గార గీకించవచ్చా? పళ్లు లేకపోతే ఎలా తింటుంది?

జవాబు: ముందు ఆ వాపు సంగతి చూద్దాం. కుక్క పైదవడలో రెండు వైపులా మాంసాన్ని కత్తిరించే పెద్ద పన్ను ఒకటి ఉంటుంది. దానికి మూడు వేర్లు. వాటి కొనలు సరిగ్గా కంటి కింది భాగంలోకి వెళ్తాయి. గట్టి ఎముక కొరికినప్పుడు ఆ పన్ను పెచ్చు ఊడినా, చిగుళ్ల జబ్బు వేరు దాకా పాకినా, అక్కడ పట్టిన చీము కంటి కింద వాపుగా బయటపడుతుంది. యాంటీబయాటిక్ ఇస్తే వాపు తగ్గుతుంది గానీ, చీముకు మూలమైన పన్ను అలాగే ఉంటుంది కాబట్టి మందు ఆపగానే తిరగబెడుతుంది. మీ కుక్క విషయంలో జరిగింది బహుశా ఇదే. ఎక్స్‌రే తీస్తే తేలిపోతుంది.

తింటోంది కాబట్టి నొప్పి లేదనుకోవడం ప్రేమగా పెంచుకునేవారు కూడా తరచుగా పొరబడే విషయం. నోరు ఎంత నొప్పిగా ఉన్నా ఆకలి ఆగదు. అందుకని అది తింటోందా లేదా అని కాక, ఎలా తింటోందో ఒక పూట పక్కన కూర్చుని చూడండి. తల ఒక పక్కకు వంచి ఒకే దవడతో నములుతుంటే, ముద్దను నోట్లో పెట్టుకుని మళ్లీ జారవిడుస్తుంటే, ముఖం తాకబోతే తల పక్కకు తిప్పుకుంటుంటే, అవన్నీ నొప్పికి గుర్తులే.

మత్తు లేకుండా గీకించడం నేను ఒప్పుకోలేను. పంటి మీది పాచి కొద్ది రోజుల్లోనే గట్టిపడి గారగా మారుతుంది. కానీ అసలు నష్టం జరిగేది కంటికి కనిపించే గార దగ్గర కాదు, చిగురు కిందికి దిగిన పాచి దగ్గర. చిగురు ఎర్రబడి ఉబ్బిన దశలోనే శుభ్రం చేస్తే జబ్బు పూర్తిగా నయమవుతుంది. పన్నును పట్టి ఉంచే ఎముక కరగడం మొదలైతే, పోయిన ఎముక దానంతట అది తిరిగి రాదు. చిగురుకూ పంటికీ మధ్య సందు లోతు కుక్కల్లో 3 మిల్లీమీటర్లు, పిల్లుల్లో 1 మిల్లీమీటరు మించితే జబ్బును అనుమానించాలి. మెలకువగా ఉన్న జంతువు నోట్లో ఈ కొలత ఒక్కో పంటి చుట్టూ తీయడం, చిగురు కింద శుభ్రం చేయడం, ఎక్స్‌రే తీయడం సాధ్యం కాదు. పైపైన గీకితే పన్ను తెల్లగా మెరుస్తుంది, జబ్బు లోపల పెరుగుతూనే ఉంటుంది.

మత్తులో ప్రమాదం బొత్తిగా లేదని చెప్పను. అయితే వయసు దానంతటది జబ్బు కాదు. గుండె, మూత్రపిండాలు, కాలేయం ఎలా ఉన్నాయన్నదే ముఖ్యం. అందుకే ముందుగా రక్తపరీక్షలు చేయించండి, గుండె చప్పుడులో తేడా ఉంటే దానినీ పరీక్షింపజేయండి. శస్త్రచికిత్స సమయంలో శ్వాసనాళంలో గొట్టం అమరుస్తారా, సెలైన్ ఎక్కిస్తారా, రక్తపోటు, ఆక్సిజన్ గమనిస్తూ ఉండే మనిషి ఒకరు విడిగా ఉంటారా అని అడగడానికి మొహమాటపడకండి. ఆ గొట్టం మత్తు వాయువు కోసమే కాదు, నోట్లో వాడే నీరు, రక్తం ఊపిరితిత్తుల్లోకి దిగకుండా కూడా కాపాడుతుంది.

మూడు వేర్ల పన్నును ఒక్కసారిగా లాగరు. నరం దగ్గర తిమ్మిరి మందు ఇచ్చి, చిగురును పొరలా పైకెత్తి, అవసరమైన మేరకు ఎముక చెక్కి, పన్నును మూడు ముక్కలుగా కోసి, ఒక్కో వేరును విడిగా కదిలించి తీస్తారు. తరువాత వాటంతట అవే కరిగిపోయే కుట్లు వేస్తారు. సుమారు రెండు వారాలు మెత్తటి తిండి పెట్టి, కొరికే బొమ్మలు దూరంగా ఉంచాలి. నొప్పి మందు వైద్యులు రాసిందే వాడాలి. మనుషులు వాడే ఐబుప్రొఫెన్ కుక్కలకు విషం, పారాసెటమాల్ పిల్లుల ప్రాణమే తీస్తుంది. తినడం గురించి దిగులు వద్దు. కుక్కలు మనలా నమిలి నమిలి తినవు. నొప్పిపెట్టే పన్ను పోయాక చాలా కుక్కలు మునుపటికన్నా హుషారుగా తింటాయి. కుట్లు మానాక రోజూ బ్రష్ చేయండి, జంతువుల పేస్టుతోనే. మనుషుల పేస్టుల్లో కొన్నింటిలో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్కలకు ప్రాణాంతకం.

ప్రశ్న: మా పిల్లికి ఐదేళ్లు. తిండి దగ్గరికి ఆత్రంగా వెళ్లి, ఒక ముద్ద తినగానే అరిచి పారిపోతోంది. చొంగ కారుస్తోంది. పళ్లు మాత్రం తెల్లగానే ఉన్నాయి.

జవాబు: దీన్ని వాయిదా వేయకండి. పిల్లుల్లో పన్ను దానంతట అదే లోపల కరిగిపోయే జబ్బు ఒకటి ఉంది. చిగురు అంచున చిన్న ఎర్రటి మచ్చలా కనిపిస్తుంది, అక్కడ తాకితే మత్తులో ఉన్న పిల్లికి కూడా దవడ వణుకుతుంది. దీనికి సిమెంటు నింపినా నిలవదు, పన్ను తీయడమే మార్గం. వేరు ఎముకలో కలిసిపోయిందని ఎక్స్‌రేలో తేలితే పైభాగం మాత్రమే తీసి చిగురు కుడతారు. అలా కాక గొంతు మొదట్లో, బుగ్గల లోపల కూడా ఎర్రగా పుండ్లు పడి ఉంటే, అది తీవ్రమైన నోటి వాపు జబ్బు. అందులో కోరపళ్ల వెనుక ఉన్న పళ్లన్నీ తీసేయాల్సి రావచ్చు. వినడానికి కఠినంగా ఉన్నా, చాలా పిల్లులకు ఊరట దొరికేది దానితోనే. కొన్నింటికి ఆ తరువాత కూడా మందులు కొనసాగించాలి. ఈలోగా తిండిని మెత్తగా చేసి, గోరువెచ్చగా పెట్టండి. ఒక రోజంతా ఏమీ తినకపోతే మాత్రం ఆగకండి. తిండి మానేసిన పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది.