లేసిక్‌కి 88 వేలు: ఎఫ్‌డీ తీయాలా, ఈఎంఐ పెట్టాలా?

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నై షోలింగనల్లూరులో పీజీలో ఉంటూ ఓఎంఆర్‌లో ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. వయసు 27. కుడి కంటికి మైనస్ 6.25, ఎడమ కంటికి మైనస్ 5.75 సైట్ ఉంది. రెండేళ్లుగా పవర్ మారలేదు. ఒక ఆసుపత్రిలో లేసిక్‌కి (లేజర్‌తో సైట్ సరిచేసే ఆపరేషన్) రెండు కళ్ళకూ కలిపి 95 వేలు, 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ అన్నారు. ఒకేసారి కడితే 88 వేలట. నాకు ఏడాదికి కాంటాక్ట్ లెన్సులు, సొల్యూషన్‌కి 9 వేలు, కళ్ళజోడుకి 5 వేలు అవుతోంది. అంటే ఏడేళ్లలో పెట్టిన డబ్బు వచ్చేసినట్టే కదా? చేతికొచ్చే జీతం 62 వేలు. పీజీకి 11 వేలు, ఇంటికి 15 వేలు, చదువు లోన్ ఈఎంఐ 9,500, మిగతా ఖర్చులు 12 వేలు, సిప్ 5 వేలు. 1.4 లక్షల ఎఫ్‌డీ ఉంది. నాన్న వద్దంటున్నారు. అమ్మేమో సంబంధాలు చూసేలోపే చేయించుకోమంటోంది. ఎఫ్‌డీ తీయనా, ఈఎంఐ పెట్టనా? ఇన్సూరెన్స్ వస్తుందా?

జవాబు: ముందు ఇన్సూరెన్స్ సంగతి తేల్చేద్దాం. రాదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఆరోగ్య బీమా మినహాయింపులన్నిటికీ ఒకే భాష ఖరారు చేసింది. దాని ప్రకారం 7.5 డయాప్టర్ల (కంటి పవర్ కొలత) కంటే తక్కువ సైట్‌ని సరిచేయించుకునే ఖర్చును పాలసీలో మినహాయించవచ్చు. మీ రెండు కళ్ళూ ఆ గీతకు కిందే ఉన్నాయి. మీ కంపెనీ గ్రూప్ పాలసీలో నిబంధన వేరుగా ఉందేమో హెచ్‌ఆర్‌ని ఒక్క మెయిల్ పెట్టి అడగండి. పాలసీ కాగితాల్లో 'రిఫ్రాక్టివ్ ఎర్రర్' అన్న మాట కోసం వెతికితే రెండు నిమిషాల పని. పనిలో పనిగా ఒక హెచ్చరిక. 'కాస్త పవర్ పెంచి రాయించుకుంటే క్లెయిమ్ అయిపోతుంది' అనే మిత్రులు ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు. పాత కళ్ళజోడు చీటీలు, స్కాన్ రిపోర్టులు అన్నీ బీమా కంపెనీ అడగొచ్చు. దొరికితే క్లెయిమ్‌తో పాటు ఉద్యోగానికీ ముప్పు. ఇక పన్ను మినహాయింపు మీద ఆశ వద్దు. కొత్త విధానంలో 80డీయే (ఆరోగ్య బీమా, వైద్య ఖర్చుల మినహాయింపు) లేదు, పాత విధానంలో మీ వయసు వాళ్ళకి ఆపరేషన్ ఖర్చు అందులోకి రాదు.

ఇప్పుడు ఏడేళ్ల లెక్క. ఇలాంటి ఉత్తరాలన్నిటిలోనూ ఈ లెక్క కనిపిస్తుంది, అన్నిటిలోనూ రెండు విషయాలు జారిపోతాయి. మొదటిది, 88 వేలు అంటే 88 వేలే కాదు. ముందు చేసే పరీక్షలు, తర్వాత వాడే చుక్కల మందులు, చలువ కళ్ళద్దాలు, ఆటో ఖర్చులు కలిపితే 96 వేలనుకోండి. రెండోది, ఆపరేషన్ తర్వాత ఏడాదికి 14 వేలు మొత్తం మిగలదు. కొందరికి కళ్ళు పొడిబారి డ్రాప్స్ వాడాల్సి వస్తుంది. ఏటా 12 వేలు మిగులుతుందని వేసుకుందాం. ఎంతకాలం? నలభై దాటాక చత్వారం వస్తుంది. లేసిక్ దాన్ని ఆపదు. దగ్గరవి చదవడానికి అప్పుడు మళ్ళీ అద్దాలు కావాలి. కాబట్టి 42 ఏళ్ల వరకు, అంటే 15 ఏళ్లు చూద్దాం.

ఆ 96 వేలు 10 శాతం రాబడితో 15 ఏళ్లు పెరిగితే దాదాపు 4 లక్షలవుతుంది. ఏటా మిగిలే 12 వేలను ఒక్క రూపాయి కూడా వాడుకోకుండా అదే రాబడికి పెడుతూ పోతే 3.8 లక్షలు. చూశారా, లాభమూ లేదు, నష్టమూ లేదు. అదీ మీరు లెన్సులు వాడుతున్నారు కాబట్టి. ఉత్త కళ్ళజోడుతో గడిపే మనిషికి ఏడాదికి 5 వేలే ఖర్చు, వాళ్ళకి ఇదే లెక్క 1.6 లక్షలు కూడా దాటదు. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి పవర్ కళ్ళద్దాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది కూడా.

అందుకే 'డబ్బు తిరిగొస్తుంది' అని మీకు మీరు చెప్పుకోవద్దు. పొద్దున లేవగానే గడియారం కనిపించడం, వానలో స్కూటీ నడిపేటప్పుడు అద్దాలు తుడుచుకోనక్కర్లేకపోవడం, రాత్రి షిఫ్ట్ అయ్యాక లెన్సులు తీసే ఓపిక లేక అలాగే నిద్రపోతానేమోనన్న భయం పోవడం, వీటికి మీరు లక్ష పెడుతున్నారు. మైనస్ 6 ఉన్న మనిషికి ఇవి చిన్న విషయాలు కావు. సొంత సంపాదనతో కొనుక్కోదగ్గ సుఖమే, నా అభ్యంతరం ఏమీ లేదు. ఏ డబ్బుతో కొంటారన్నదే ప్రశ్న.

ఎఫ్‌డీతో మాత్రం వద్దు. మీకు ఎలాగైనా కట్టి తీరాల్సినవి నెలకు 47,500. మీ 1.4 లక్షలు దాదాపు మూడు నెలలకు సరిపోతాయి, అంతే. ఐటీలో ప్రాజెక్టు ఇవ్వకుండా బెంచ్ మీద కూర్చోబెట్టి పంపేస్తున్న రోజులివి. ఇంటికి పంపే 15 వేలు, బ్యాంకు ఈఎంఐ రెండూ ఆగవు కదా.

నో కాస్ట్ ఈఎంఐ అన్న పేరు చూసి మోసపోకండి. నగదు ధర 88 వేలు, ఈఎంఐ ధర 95 వేలు. నెలకు సుమారు 7,917 చొప్పున 12 నెలలు కడితే అది ఏడాదికి 14 శాతం పైబడ్డ వడ్డీ. కార్డు మీద అయితే ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అదనం. ఒక్క నెల తప్పితే కార్డు వడ్డీ ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. చదువు లోన్ నడుస్తుండగా దాని పక్కన ఇంకో ఈఎంఐ నాకు నచ్చదు.

మీకు నెలకు 9,500 మిగులుతోంది. అందులో 9 వేలకు రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ) తెరవండి. 11 నెలలకు 99 వేలు, వడ్డీ అదనం. సిప్ ఆపితే ఏడు నెలల్లో అయిపోతుంది కదా అంటారు. అవుతుంది. కానీ ఒకసారి ఆపిన సిప్ మళ్ళీ మొదలుపెట్టిన వాళ్ళను నేను తక్కువ చూశాను. ఈలోగా బోనస్ వస్తే వెయ్యండి, గడువు దానంతటదే తగ్గుతుంది.

అసలు వీటన్నిటికంటే ముందు ఒక పని ఉంది. మీరు ఈ ఆపరేషన్‌కు పనికొస్తారో లేదో తెలుసుకోవాలి. మీరు రాసిన దాంట్లో ధర ఉంది, ఈఎంఐ ఉంది, కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) స్కాన్ మాట లేదు. కార్నియా పలచగా ఉన్నా, కెరటోకోనస్ (కార్నియా పలచబడి ముందుకు పొడుచుకొచ్చే జబ్బు) లక్షణాలు ఉన్నా, కళ్ళు బాగా పొడిగా ఉన్నా డాక్టర్ వద్దనొచ్చు, లేదా లేసిక్ బదులు ఇంకోటి చెప్పొచ్చు. అప్పుడు బడ్జెటే మారిపోతుంది. పరీక్షకు కనీసం రెండు వారాల ముందే సాఫ్ట్ లెన్సులు మానేసి కళ్ళజోడుతో ఉండాలి, లేకపోతే కొలతలు సరిగా రావు.

స్కాన్ అయ్యాక కౌన్సెలర్ టిఫిన్ సెంటర్ మెనూలా లేసిక్, కాంటూరా, స్మైల్ అని రకరకాల లేజర్ పద్ధతుల ధరల పట్టిక మీ ముందు పెడతారు. ఏది మీ కంటికి సరిపోతుందో డాక్టర్‌తో చెప్పించుకోండి, కౌన్సెలర్‌తో కాదు. తర్వాత కాగితం మీద రాయించుకోండి: ధర ఒక కంటికా, రెండిటికా? మందులు, చెకప్‌లు ఎన్ని నెలల వరకు కలిసి ఉన్నాయి? కొంచెం పవర్ మిగిలిపోయి మళ్ళీ సరిచేయాల్సి వస్తే ఫీజు ఎంత, ఎన్నేళ్ల వరకు? 'ఈ నెలాఖరు దాకే ఆఫర్' అంటే నవ్వి లేచి వచ్చేయండి. చెన్నైలో కంటి ఆసుపత్రులకు కరువా? 1819లో మొదలైన ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఎగ్మోరులో ఉన్న ఊరు ఇది. రెండో చోట కూడా చూపించుకోండి, 2 వేలో 3 వేలో పోతే పోయింది.

నాన్నగారి భయం 'కొత్త మిషన్లు, కళ్ళతో ప్రయోగాలు' అన్నదైతే, లేసిక్‌లో వాడే ఎక్సైమర్ లేజర్‌తో సైట్ సరిచేయడాన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1995లోనే అనుమతించిందని చెప్పండి. ఆ లేజర్ కణజాలాన్ని కాల్చకుండా సన్నగా చెక్కగలదని 1981లో ఐబీఎంలో కనిపెట్టిన వాళ్ళలో ఒకరైన రంగస్వామి శ్రీనివాసన్ మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివినవారే. ఇది వింటే ఆయన కాస్త మెత్తబడొచ్చు. అయితే రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు కనిపించడం, కళ్ళు పొడిబారడం కొందరికి ఉంటాయన్నదీ దాచకండి. పవర్ పోయినా మైనస్ కంటి రెటీనాకు ఉండే ముప్పు పోదు, దాని చెకప్ ఏటా కొనసాగాలి.

అమ్మగారితో మాత్రం నేను ఏకీభవించను. అద్దాలు చూసి వెనక్కి వెళ్ళే సంబంధం కోసం లక్ష ఎందుకు? కాకపోతే ఆమె తొందరలో ఒక న్యాయం ఉంది. గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు పవర్ మారవచ్చు గనక డాక్టర్లు ఈ ఆపరేషన్ చేయరు. పెళ్ళి, పిల్లల ఆలోచన దగ్గర్లోనే ఉందనుకుంటే వచ్చే ఏడాది అనువైన సమయమే. 11 నెలల ఆర్‌డీ దానికి అడ్డు రాదు.

ఆర్‌డీ ముగిసే సరికి ఇప్పటి స్కాన్ రిపోర్టు పాతబడుతుంది. కొత్తగా చేయించమంటారు, దాని ఖర్చు 3 వేలు లెక్కలో కలుపుకోండి. సెలవులు కూడా ముందే మాట్లాడి పెట్టుకోండి. లేసిక్ అయితే కొద్ది రోజులు చాలు, పీఆర్‌కే (కార్నియా పై పొర తీసి నేరుగా లేజర్ చేసే పద్ధతి) చెబితే వారం పైనే కావాలి.