రెజ్యూమేలో 'ఆర్కెస్ట్రేట్' అని రాయాలా?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాడు. కళాశాల ఉత్సవంలో తాను చేసిన పని గురించి రెజ్యూమేలో 'కోఆర్డినేట్' అని రాసుకున్నాడు. దానికి బదులు 'ఆర్కెస్ట్రేట్' వంటి గట్టి పదం పెడితే విలువ పెరుగుతుందని విన్నాను. 'ఆర్గనైజ్', 'కోఆర్డినేట్', 'ఆర్కెస్ట్రేట్'ల మధ్య తేడా ఏమిటి? ఇలాంటి పదాలు నేర్పే కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: పదం మారుతుందే తప్ప ఈ ప్రశ్న నాకు తరచుగా వస్తూనే ఉంటుంది. మీ అసలు బెంగ పిల్లవాడి ఇంగ్లీషు చాలదేమోనన్నది. అతను రాసుకున్న పదం సరైనదే కనుక ఆ బెంగ అక్కరలేదు.

'ఆర్కెస్ట్రేట్' సంగీతం నుంచి వచ్చిన క్రియ. ఒక రచనలోని ఏ భాగాన్ని ఏ వాద్యం పలకాలో నిర్ణయించి రాయడం దాని మూలార్థం. రష్యన్ స్వరకర్త ముసోర్గ్‌స్కీ 1874లో పియానో కోసం రాసిన 'పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్'ను ఫ్రెంచ్ స్వరకర్త రావెల్ 1922లో ఆర్కెస్ట్రా కోసం మలిచిన పని అటువంటిదే. అక్కడి నుంచే, అనేకమంది పనిని ముందే ఊహించి, పంచి, అనుకున్న ఫలితం వైపు నడిపించడమనే అర్థం వచ్చింది. అయితే వార్తల్లో ఈ క్రియకు తరచుగా నిందార్థం ఉంటుంది. 'ఆర్కెస్ట్రేటెడ్ క్యాంపెయిన్' అంటే సహజంగా పుట్టినది కాదు, తెర వెనుక ఎవరో నడిపించినదని. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం, కంటైనర్లను (ప్రోగ్రాములను వాటికి కావలసిన వాటితో కలిపి కట్టిన పొట్లాలను) అనేక కంప్యూటర్లలో నడిపించే కుబెర్నెటిస్ అనే సాధనంతో పనిచేసేవారికి 'కంటైనర్ ఆర్కెస్ట్రేషన్' మామూలు సాంకేతిక పదం. ఇక 'ఆర్గనైజ్' అంటే ఏర్పాట్లు చేయడం, 'కోఆర్డినేట్' అంటే పలువురి పనులకు పొంతన కుదర్చడం.

గట్టి పదాల మోజు మీద నాకు నమ్మకం లేదు. ఉత్సవాన్ని ఆర్కెస్ట్రేట్ చేశానని రాసినవారిని, ఎవరికి ఏ పని అప్పగించావు, ఒకరు చివరి నిమిషంలో చేతులెత్తేస్తే ఏం చేశావు అని ఇంటర్వ్యూలో అడగడం సహజం. జవాబు లేకపోతే ఆ పదమే అతన్ని ఇరికిస్తుంది. జవాబు ఉంటే 'కోఆర్డినేట్' అన్నా నష్టం లేదు. అందరూ ఒకే జాబితా నుంచి పదాలు ఏరుకుంటే రెజ్యూమేలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు కనిపిస్తాయి. ఆ కోర్సుకు డబ్బు కట్టకండి.

కాస్త కటువుగానే అడుగుతున్నాను: ఆ ఉత్సవంలో అతను నిజంగా ఏం చేశాడో మీకు తెలుసా? మీ ఉత్తరంలో పదం గురించి ఉంది గానీ పని గురించి ఒక్క వివరమూ లేదు. ఉద్యోగానికి వెళ్లేది అతను. రెజ్యూమేలో ప్రతి మాటా మీరే దిద్దుతూ పోతే, తన పనిని తన మాటల్లో చెప్పుకోవడం అతనికి ఎప్పుడు అలవాటవుతుంది? ఒకసారి అతన్ని కూర్చోబెట్టి, మధ్యలో దిద్దకుండా వినండి. ఎంతమందితో పనిచేశాడు, ఏది చెడింది, దాన్ని ఎలా సరిచేశాడు అన్నవి బయటపడతాయి. వాటినే 'కోఆర్డినేట్' కింద రెండు వాక్యాలుగా అతన్నే రాయనివ్వండి.