చిన్న ఊరచెరువులో గాలానికి ఏ చేపలు పడతాయి?

తెలంగాణలోని చిన్న చెరువుల్లో బొచ్చె, రోహు, మ్రిగాల చేపలు సాధారణంగా అక్కడే పుట్టినవి కావు. అవి వానాకాలంలో పారే నదీజలాల్లో తప్ప నిలువనీటిలో గుడ్లు పెట్టవు కనుక, ఏటా పిల్లలను వదిలితేనే వాటి సంఖ్య నిలుస్తుంది. 2016 నుంచి ప్రభుత్వమే ఉచితంగా చేపపిల్లలను అందించడం మొదలుపెట్టింది. వదిలిన పిల్లలు మరీ చిన్నవైతే చాలావరకు కొర్రమీనుకు ఆహారమైపోతాయి.

రాష్ట్ర చేప అయిన కొర్రమీను సంగతి వేరు. గాలి పీల్చగలదు కాబట్టి నీరు అడుగంటినా తడి బురదలో కొంతకాలం బతుకుతుంది, ఆ చెరువులోనే సంతానాన్ని పెంచుతుంది. తుంగ పక్కన నీటిపైన ఎర్రటి పిల్లల గుంపు బుడబుడలాడుతూ కనిపిస్తే, కింద తల్లిదండ్రులు కాపలా ఉన్నట్టే. అక్కడ దయచేసి గాలం వేయకండి. పెద్దవి పోతే ఆ పిల్లలను కాచేవారుండరు.

మిగతా రోజుల్లో, తెల్లవారుజామున, తుంగ అంచున వానపామును ఎరగా వేస్తే కొర్రమీను దొరికే అవకాశం ఎక్కువ. రోహు, మ్రిగాలకు తవుడు, వేరుశనగ చెక్క కలిపిన ముద్ద మేలు. మ్రిగాల అడుగున మేస్తుంది కనుక ఎర నేలను తాకాలి. చేపల హక్కు సాధారణంగా మత్స్య సహకార సంఘానిదే, ముందుగా వారి అనుమతి తీసుకోండి.