వెయిట్‌లిస్ట్‌లో పెట్టారని కుంగిపోయిన పిల్లలకి ఇంట్లో మనం ఏం చేయగలం?

మీ అబ్బాయి ఎప్పటినుంచో ఆశపెట్టుకున్న కాలేజీ వాళ్లు వెయిట్‌లిస్ట్‌లో, అంటే సీట్లు మిగిలితే పిలుస్తామనే జాబితాలో పెట్టారని, అప్పటినుంచి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడట్లేదని, ఏం చెప్పి ఓదార్చాలో తెలియట్లేదని రాశారు. అమెరికాలో మా అమ్మాయి అడ్మిషన్ల సమయంలో మాకూ ఇదే ఎదురైంది. మాకు పనికొచ్చినవి చెబుతాను.

సీటు ఇవ్వలేదంటే పిల్లలు ఏడుస్తారు, కొన్నాళ్లకి తేరుకుంటారు. వెయిట్‌లిస్ట్‌తో అలా కుదరదు. బాధపడాలో ఆశపడాలో తెలియక నలిగిపోతారు. "దీనికన్నా రాదని చెప్పేసినా బాగుండేదమ్మా" అంది మా అమ్మాయి. అందుకే "తప్పకుండా వస్తుందిలే" అని మాత్రం అనకండి. అది మన చేతిలో లేదు, రాకపోతే రెండోసారి దెబ్బ తగులుతుంది. "ఆ కాలేజీ అంత గొప్పదేం కాదులే" అన్నా నమ్మరు, నిన్నటిదాకా దాన్ని పొగిడింది మనమే కదా. "నువ్వెంత కష్టపడ్డావో నాకు తెలుసు, బాధగానే ఉంటుంది" అని పక్కన కూర్చుంటే మొదటి రోజులకి చాలు.

కాస్త కుదుటపడ్డాక ఇద్దరూ కలిసి ఒక పని చేయండి. చాలా కాలేజీలు ఏటా కామన్ డేటా సెట్ అనే పత్రం బయటపెడతాయి. అందులో సీ2 అనే భాగంలో ఎంతమందికి వెయిట్‌లిస్ట్ ఇచ్చారు, అందులో ఎంతమంది ఉంటామన్నారు, చివరికి ఎంతమందికి సీటు ఇచ్చారు అనే అంకెలు ఉంటాయి. రెండు మూడేళ్లవి పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి అర్థమవుతుంది. ఒకే కాలేజీ ఒక ఏడాది చాలామందిని తీసుకుని, మరుసటి ఏడాది దాదాపు ఎవర్నీ తీసుకోకపోవచ్చు. సీటు ఇచ్చినవాళ్లలో ఎంతమంది చేరతారో కాలేజీ ముందుగా ఒక అంచనా వేసుకుంటుంది. అనుకున్నదానికన్నా తక్కువమంది చేరితేనే ఈ జాబితా వైపు చూస్తుంది. చాలా చోట్ల ఇందులో ర్యాంకులు కూడా ఉండవు, ఖాళీ ఏ కోర్సులో ఉందో, ఎలాంటి విద్యార్థులు కావాలో చూసి పిలుస్తారు. ఏ మార్కు తగ్గింది, ఏ ఎస్సే బాగా రాయలేదు అని తనని తాను తవ్వుకుంటున్న మా అమ్మాయికి నిజంగా ఊరటనిచ్చింది ఈ అంకెలే.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది మే 1. సీటు ఖాయం చేసుకోవడానికి చాలా కాలేజీలకి డిపాజిట్ కట్టాల్సిన గడువు అది. వెయిట్‌లిస్ట్ సంగతి సాధారణంగా ఆ తర్వాతగానీ తేలదు. కాబట్టి సీటు ఇచ్చిన కాలేజీల్లో ఒకదాన్ని ఎంచుకుని గడువులోపు కట్టేయాలి. ఒక్కదానికే కట్టాలి. వెయిట్‌లిస్ట్‌లో ఉంటూ వేరేచోట డిపాజిట్ కట్టడం తప్పేమీ కాదు, రెండు కాలేజీలకి కట్టి ఉంచడమే తప్పు.

కట్టాక ఆ కాలేజీని 'ప్రస్తుతానికి' అన్నట్టు చూడకండి. నా అభిప్రాయంలో తల్లిదండ్రులు చేయగల పెద్ద సాయం ఇదే. మేము వీలు చూసుకుని మళ్లీ ఆ క్యాంపస్‌కి వెళ్లాం. మా అమ్మాయి తను చేరబోయే డిపార్ట్‌మెంట్‌లో చదువుతున్న ఒక విద్యార్థినితో మాట్లాడింది. హాస్టల్ ఫారాలు నింపింది, రూమ్‌మేట్‌ని వెతుక్కుంది. "ఎక్కడ చేరుతోంది?" అని ఎవరడిగినా ఆ కాలేజీ పేరే సంతోషంగా చెప్పాం, వెయిట్‌లిస్ట్ ఊసు ఎత్తలేదు. బంధువులకి ఏం చెప్పాలో తననే అడిగాం, తను చెప్పమన్నంతే చెప్పాం. మీరూ అబ్బాయిని అడగండి. తన సంగతి తనకి తెలియకుండా పదిమంది నోళ్లలో నానుతోందని తెలిస్తే ఆ వయసులో తట్టుకోలేరు.

వెయిట్‌లిస్ట్ కోసం చేయాల్సిన పని నిజానికి కొంచెమే. ఉంటానని పోర్టల్‌లో గడువులోపు నొక్కాలి. కాలేజీ వద్దనకపోతే ఒక పేజీకి మించకుండా ఉత్తరం రాయాలి: అప్లికేషన్ పంపాక కొత్తగా ఏం చేశాడు, ఆ కాలేజీలోనే ఎందుకు చదవాలనుకుంటున్నాడు అని. సీటిస్తే తప్పక చేరతాననేది నిజమైతేనే రాయాలి. ఉత్తరం అబ్బాయే రాయాలి. మనం అడ్మిషన్ ఆఫీసుకి ఫోన్లు చేస్తే మేలు జరగదు. కొత్త గ్రేడ్లు పంపమని స్కూల్ కౌన్సెలర్‌ని కూడా తనే అడగాలి. చివరి సెమిస్టర్ చదువు మాత్రం జారిపోనివ్వకండి, మార్కులు బాగా పడిపోతే ఇచ్చిన సీటు కూడా వెనక్కి తీసుకోవచ్చు.

ఆ తర్వాత ఇంట్లో ఆ మాట ఆపేయండి. కబురొస్తే తనే చెబుతుంది, మేము అడగం అని మా ఇంట్లో ఒప్పందం. రోజూ "మెయిల్ వచ్చిందా?" అంటే మన టెన్షన్ కూడా వాళ్లే మోయాలి. మా అమ్మాయికి జూన్‌లో జాబితా మూసేశామని మెయిల్ వచ్చింది. ఆ సాయంత్రం బాధపడింది. కానీ అప్పటికే తన మనసు సగం చేరబోయే చోటే ఉంది.

నిద్ర, తిండి వారాల తరబడి సరిగ్గా లేకపోతే మాత్రం డాక్టర్‌తోనో కౌన్సెలర్‌తోనో మాట్లాడండి. బతికి లాభం లేదన్నట్టు మాట్లాడితే ఆలోచించకుండా 988కి (అమెరికాలో ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లకి సాయం చేసే హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి.

ఇంకొకటి, డబ్బు సంగతి ఇప్పుడే మాట్లాడుకోండి. పిలుపొస్తే చాలాచోట్ల కొద్ది రోజుల్లోనే జవాబు చెప్పమంటారు. అప్పటికి స్కాలర్‌షిప్ డబ్బు పెద్దగా మిగలకపోవచ్చు, మొదట కట్టిన డిపాజిట్ సాధారణంగా తిరిగి రాదు. ఏడాదికి ఎంతవరకు భరించగలమో అబ్బాయికి ముందే తెలిస్తే, సీటు వచ్చాక మీరు కాదనాల్సిన పరిస్థితి రాదు. పిలుపొచ్చాక కూడా ఆర్థిక సాయం ఎంత ఇస్తారో రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్నాకే ఒప్పుకోమనండి. చేరాలనుకుంటే మొదటి కాలేజీకి వెంటనే తెలియజేయమనండి, ఆ సీటు కోసం అక్కడ ఎదురుచూస్తున్న పిల్లలు కూడా ఉండొచ్చు.